హోక్ గుహలో ఎవరి పేర్లు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల సొకోత్రా దీవిలోని హోక్ గుహ గురించి రాసిన వ్యాసానికి ఉత్తరాలు, మెయిళ్లు బాగానే వచ్చాయి. అన్నిటికీ విడివిడిగా జవాబు రాయడం కుదరదు కాబట్టి ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి ఇక్కడ ఇస్తున్నాను. ఆ వ్యాసం చదవని వాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. సొకోత్రా యెమెన్ దేశానికి చెందిన దీవి, ఆఫ్రికా కొమ్ముకు తూర్పున సముద్రం మధ్యలో ఉంటుంది, పొడవు దాదాపు 130 కిలోమీటర్లు. దాని ఈశాన్య తీరంలో, సముద్రమట్టానికి 350 మీటర్ల ఎత్తున కొండలో పెద్ద సున్నపురాయి గుహ ఉంది, దాని పేరే హోక్. బెల్జియం నుంచి గుహల్ని వెతుక్కుంటూ వచ్చిన ఒక బృందం 2000 చివర్లో, 2001 మొదట్లో దాని లోపలి చీకట్లో రాతలు చూసింది. బొమ్మలతో కలిపి లెక్కేస్తే దాదాపు 250 తేలాయి. చాలా భాగం మన దేశపు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి, మిగతావి దక్షిణ అరేబియా, ఇథియోపియా, గ్రీకు, పామైరా (సిరియా), బాక్ట్రియా (నేటి అఫ్గానిస్తాన్ వైపు) లిపుల్లో ఉన్నాయి. క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి క్రీ.శ. 6వ శతాబ్దం దాకా అటుగా వెళ్లిన ఓడల వాళ్లు రాసినవి. జర్మన్ పండితుడు ఇంగో స్ట్రాఖ్ సంపాదకత్వంలో 2012లో ఇవన్నీ పుస్తకంగా వచ్చాయి.

ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

ప్రశ్న: "అరేబియా సముద్రంలోని దీవిలో 2000 ఏళ్ల నాటి తెలుగు నావికుల రాతలు" అని మా ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా బావగారు దాన్ని అందరికీ పంపిస్తున్నారు. అది మీరు రాసిన గుహేనా? నిజమేనా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

గుహ అదే, మాట మాత్రం నిజం కాదు. బావగారితో గొడవ పెట్టుకోకుండా నెమ్మదిగా చెప్పండి.

అక్కడున్నది బ్రాహ్మీ లిపి. అశోకుడి కాలం నుంచి దేశమంతటా వాడిన లిపి అది, దాన్నుంచే మన తెలుగు అక్షరాలూ పుట్టాయి, దేవనాగరీ పుట్టింది, తమిళం కూడా. అందుకని బ్రాహ్మీ కనిపించినంత మాత్రాన తెలుగు అనుకోవడానికి లేదు. భాష సంస్కృతం, లేదా ప్రాకృతం కలిసిన సంస్కృతం. అన్నిటికన్నా గట్టి ఆధారం ఏమిటంటే కొందరు తమ ఊరి పేరు కూడా రాసుకున్నారు. భరుకచ్ఛం, అంటే నర్మద సముద్రంలో కలిసే చోట ఉన్న నేటి భరూచ్. హస్తకవప్రం, అంటే భావనగర్ జిల్లాలోని నేటి హాథబ్. జయసేనుడి కొడుకు సంఘదాసు, హస్తకవప్ర నివాసి అని ఒకాయన తన పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ రాసి పెట్టాడు. ఇంతకంటే ఏం కావాలి? వీళ్లు గుజరాత్ తీరం వాళ్లు.

మనవాళ్లకు ఓడలు లేక కాదు, మన ఓడలు ఎక్కువగా తూర్పు సముద్రం మీద తిరిగేవి. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన సముద్ర మార్గదర్శిని ఉంది, పెరిప్లస్ అంటారు. అందులో కృష్ణా ముఖద్వారం దగ్గరి ప్రాంతాన్ని మసలియా అని పిలిచి అక్కడ సన్నటి నూలు బట్టలు తయారవుతాయని రాశాడు. ఆ తర్వాత 2వ శతాబ్దపు గ్రీకు పండితుడు టోలెమీ రాసిన భూగోళంలో కంటకస్సిల అనే రేవు వస్తుంది, అది మన ఘంటసాల. ఆ ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో శివకుడు అనే మహానావికుడి పేరు ఉంది. శాతవాహన రాజులు పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి ఓడ బొమ్మ వేసి సీసపు నాణేలు ముద్రించారు, అవి దొరికింది కూడా తూర్పు తీరంలోనే. ఇంత ఉండగా గుజరాతీ సంఘదాసును మన ఖాతాలో వేసుకోవాల్సిన అవసరం ఏముంది చెప్పండి?

ఇంకో తమాషా కూడా ఉంది. ఆ భరుకచ్ఛం మన శాతవాహనుల శత్రువుల రేవు. గుజరాత్ వైపు ఏలిన శక రాజులు పడమటి క్షత్రపులకూ శాతవాహనులకూ మధ్య తరాల తరబడి నడిచిన యుద్ధంలో సగం గొడవ ఈ రేవుల కోసమే. శాతవాహనుల రేవు కల్యాణ్‌కు పొరపాటున వచ్చిన గ్రీకు ఓడల్ని కూడా కాపలా పెట్టి భరుకచ్ఛానికి తోలేవాళ్లని పెరిప్లస్‌లో ఉంది. తర్వాత గౌతమీపుత్ర శాతకర్ణి క్షత్రప రాజు నహపానుణ్ణి ఓడించి అతని వెండి నాణేల మీదే తన ముద్ర కొట్టించాడు. నాసిక్ దగ్గర జోగల్‌తెంభిలో దొరికిన 13 వేలకు పైగా నాణేల్లో దాదాపు మూడింట రెండొంతులు అలా మళ్లీ ముద్ర కొట్టినవే. బావగారికి ఫార్వర్డ్ చేయడానికి ఇది ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: ఓడ దిగిన వాడు రేవులో విశ్రాంతి తీసుకుంటాడు గానీ కొండెక్కి, గుహలో దూరి, చీకట్లో పేరు రాయడం ఏమిటండీ? అక్కడ తలదాచుకున్నారా, లేక ఇంకేదైనా ఉందా? (విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ టీచరు)

మంచి ప్రశ్న, మాస్టారూ. తలదాచుకోవడానికే అయితే గుహ ముఖద్వారం చాలు. చాలా విశాలమైన నోరు అది, ఎండకీ వానకీ నీడ ఇస్తుంది. రాతలు మాత్రం అక్కడ లేవు, పగటి వెలుగు చేరని లోపలి భాగంలో ఉన్నాయి. గుహ రెండు కిలోమీటర్ల పైచిలుకు లోపలికి పోతుంది. దివిటీ పట్టుకుని, జారే నేల మీద, అంత దూరం నడిచి వెళ్లారంటే అది ఊరికే ఊసుపోక చేసిన పని కాదు.

లోపల ధూపం వేసిన పాత్రలు, కుండ పెంకులు దొరికాయి. రాతల పక్కనే ఓడల బొమ్మలున్నాయి, స్తూపం లాంటి బౌద్ధ చిహ్నాలున్నాయి. పామైరా నుంచి వచ్చిన ఒక వ్యాపారి రాసి పెట్టిన చెక్క పలక అయితే సూటిగా ఇక్కడున్న దేవుణ్ణి తలుచుకుంటుంది (దాని సంగతి తర్వాతి జవాబులో). ఇవన్నీ చూస్తే ఇది మొక్కు చెల్లించే చోటు అనే అనిపిస్తుంది. ఓడ క్షేమంగా దీవికి చేరింది, తిరిగి ఇల్లు చేరాలి, మధ్యలో ఇంకో సముద్రం ఉంది. అలాంటి మనిషి ఏ దేవుడిదన్నది చూడకుండా కొండెక్కుతాడు. విష్ణువు పేరు పెట్టుకున్నవాడూ, బుద్ధుడి పేరు పెట్టుకున్నవాడూ, అరేబియా వాడూ, గ్రీకువాడూ ఒకే గుహలో రాశారంటే అక్కడి దేవుడు వాళ్లందరికీ సరిపోయాడన్నమాట.

రాతలు కూడా చాలావరకు చిన్నవే. పేరు, ఫలానావాడి కొడుకు, మరీ ఓపిక ఉంటే ఊరు, "వచ్చాడు" అనే మాట. కొందరు వృత్తి రాశారు. నావికుణ్ణని ఒకరు, ఓడ నడిపే నిర్యామకుణ్ణని ఒకరు. ఇందులో కవిత్వం లేదు, రాజుగారి బిరుదులు లేవు. నాకు ఈ గుహ మీద ఇంత ఇష్టం అందుకే. మన దగ్గర ఉన్న పాత శాసనాలు చాలావరకు ఎవరో దానమిస్తే, ఎవరో యుద్ధం గెలిస్తే, డబ్బిచ్చి చెక్కించినవి. చుక్కాని పట్టినవాడు, తెరచాప కట్టినవాడు తన చేత్తో తానే రాసుకున్నది అంత పాత కాలం నుంచి మనకు మిగలడం చాలా అరుదు.

ప్రశ్న: వాటి మీద తేదీలు లేవు కదా, మరి ఫలానా శతాబ్దం అని ఎలా చెబుతున్నారు? అంచనాయేనా? (హైదరాబాద్, డిగ్రీ విద్యార్థి)

బ్రాహ్మీ రాతలకు తేదీ అక్షరాల రూపాన్ని బట్టి చెబుతారు. అక్షరం తల ఎలా ఉంది, తోక ఎటు తిరిగింది, గుడి ఎలా పెట్టాడు అన్నది కాలంతో పాటు మారుతూ వచ్చింది. తేదీ తెలిసిన శాసనాలు గుజరాత్‌లో, మహారాష్ట్రలో బోలెడున్నాయి, వాటితో పోల్చి చూస్తారు. సరిగ్గా ఏ సంవత్సరమో తేలదు గానీ ఏ శతాబ్దమో తేలుతుంది. హోక్‌లోని భారతీయుల రాతలు ఎక్కువ భాగం 2వ శతాబ్దం నుంచి 5వ శతాబ్దం లోపు పడతాయి.

అయితే గుహలో కచ్చితమైన తేదీ ఉన్నది ఒకటుంది, అదే పామైరా పలక. సిరియా ఎడారిలో ఒంటెల బిడారుల మీద బతికిన ఊరు పామైరా. అక్కడి అబ్గర్ అనే అతను చెక్క పలక మీద తన భాషలో రాసి గుహలో వదిలి వెళ్లాడు. తమ్మూజ్ నెల 25వ రోజు, 569వ సంవత్సరం అని అందులో ఉంది. క్రీ.పూ. 312లో మొదలైన సెల్యూకస్ శకం లెక్క ప్రకారం అది క్రీ.శ. 258 జూలై. ఇక్కడున్న దేవుడు దీవించాలని కోరాడు, ఈ పలక చదివిన మనిషీ, నువ్వు కూడా మమ్మల్ని దీవించు, పలకను ఉన్నచోటే ఉంచు అని వేడుకున్నాడు. దాదాపు 1740 ఏళ్లు ఎవరూ కదపలేదు, ఆ మాట నిలబడింది.

ఆ జూలై అన్నది నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. నైరుతి రుతుపవనం మంచి ఊపు మీదుండే నెల అది. సొకోత్రా చుట్టూ గాలి ఎంత దారుణంగా ఉంటుందంటే, దీవిలో విమానాలు దిగడం మొదలయ్యే దాకా ఏటా జూన్ నుంచి సెప్టెంబరు వరకు బయటి ప్రపంచంతో రాకపోకలు దాదాపు ఆగిపోయేవి. అంటే అబ్గర్ ఆ జూలైలో సరదాగా గుహ చూడ్డానికి వచ్చినవాడు కాదు, దీవిలో చిక్కుకుపోయినవాడు అని నా ఊహ. ఓడ కదలదు, సరుకు కదలదు, వడ్డీ మాత్రం కదులుతూనే ఉంటుంది. ఆ టెన్షన్‌లో ఉన్నవాడు కొండెక్కి దేవుడికి పలక రాశాడంటే నమ్మశక్యంగానే ఉంది.

ప్రశ్న: బొగ్గుతో రాసింది 1700 ఏళ్లు ఎలా నిలుస్తుంది? మా ఇంటి గోడ మీద పిల్లలు రాసింది రెండేళ్లకే పోతుంది. (తెనాలి)

మీ గోడకు ఎండ, వాన, చీపురు, ఏటా సున్నం ఉన్నాయి. గుహ లోపల ఇవేవీ లేవు. వెలుగు లేదు కాబట్టి నాచు పెరగదు, గాలి వీచదు, ఏడాది పొడవునా వేడి కూడా పెద్దగా మారదు. బొగ్గు అనేది స్వతహాగా చెక్కుచెదరని పదార్థం, ఎవరైనా తుడిస్తే తప్ప పోదు. హోక్‌లో కొందరు బొగ్గుతో, కొందరు బురదతో, కొందరు మొనతో గీసి రాశారు. మనిషి చేయి తగలకపోతేనే ఇదంతా. అందుకే అలాంటి చోటికి జనం పెరిగిన కొద్దీ పరిశోధకులకు గుండె దడ.

ప్రశ్న: అసలు ఆ దీవిలో ఏముందని వెళ్లారు? బంగారమా? (బళ్లారి నుంచి ఒక తెలుగు పాఠకుడు)

బంగారం కాదు. ఆ దీవిలో ఒక చెట్టు ఉంది, గొడుగు తిరగేసినట్టు ఉంటుంది, ఫోటోల్లో చూసే ఉంటారు. దాని బెరడు గీస్తే ఎర్రటి బంక కారుతుంది. రంగుకీ, మందుకీ వాడేవాళ్లు. అక్కడి కలబంద రసానికీ చాలా పేరుండేది. తాబేటి చిప్పలు కూడా దొరికేవి. ధూపానికి వాడే సాంబ్రాణి అరేబియా దక్షిణ తీరంలోనూ ఇక్కడా దొరికేది, పెరిప్లస్ రాసిన కాలానికి ఈ దీవి ఆ సాంబ్రాణి దేశపు రాజు చేతిలోనే ఉంది.

మన దేశపు వర్తకులు ఏం తీసుకెళ్లారంటే బియ్యం, గోధుమలు, నూలు బట్టలు. బానిస స్త్రీలను కూడా అమ్మేవాళ్లని పెరిప్లస్ మొహమాటం లేకుండా రాసింది. ఆ వ్యాపారం గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు ఆ వాక్యం దాటేయకూడదని నా అభిప్రాయం. దీవి ఉత్తరపు ఒడ్డున కొద్దిమంది ఉండేవాళ్లనీ, వాళ్లు వ్యాపారం కోసం వచ్చి స్థిరపడిన అరబ్బులు, భారతీయులు, గ్రీకులనీ కూడా అందులోనే ఉంది. భరుకచ్ఛం నుంచీ, మలబారు తీరం నుంచీ వచ్చే ఓడలు అక్కడ ఆగుతాయని కూడా రాశాడు. గుహ దొరికేదాకా ఆ మాటలకు అక్కడి నేల మీద సాక్ష్యం తక్కువ. ఇప్పుడు భారతీయులు పేరుపేరునా హాజరు.

ప్రయాణం గాలి చేతిలో ఉంటుంది. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి పట్టుకుని పడమటికి వెళ్తారు, నైరుతి గాలి జోరు తగ్గాక దాన్ని పట్టుకుని వెనక్కి వస్తారు. ఆ మధ్యలో నెలల తరబడి ఎక్కడో ఒకచోట ఆగాలి. గల్ఫ్‌కి వెళ్లి రెండేళ్లకోసారి ఇంటికొచ్చే మన కరీంనగర్, కడప అన్నల కుటుంబాలకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సముద్రం దాటితే కులం పోతుందని మా తాతగారు చెప్పేవారు. మరి వీళ్లంతా ఎలా వెళ్లారు? అప్పట్లో ఆ నియమం లేదా? (రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు)

ఉంది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనం తెచ్చే పనుల్లో చేర్చింది. మనుస్మృతి సముద్రం మీద తిరిగేవాణ్ణి శ్రాద్ధ భోజనానికి పిలవొద్దంటుంది. అదే మనుస్మృతి ఇంకోచోట, సముద్రయానంలో ఆరితేరినవాళ్లు దేశకాలాలు చూసి ఎంత వడ్డీ నిర్ణయిస్తే అదే చెల్లుతుంది అంటుంది. విందుకు పనికిరాడు గానీ వడ్డీ లెక్కకు వాడి మాటే ప్రమాణం!

బౌధాయనుడి దగ్గర ఇంకా సరదా సంగతి ఉంది. ఉత్తరాది వాళ్ల ప్రత్యేక అలవాట్లు, దక్షిణాది వాళ్ల ప్రత్యేక అలవాట్లు అని రెండు చిట్టాలు రాశాడు. ఉత్తరాది చిట్టాలో ఉన్ని వ్యాపారం, మద్యం, ఆయుధాల వ్యాపారంతో పాటు సముద్రం మీద వెళ్లడం ఉంది. దక్షిణాది చిట్టాలో భార్యతో కలిసి భోంచేయడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడటం ఉన్నాయి. అంటే మన మేనరికాలూ, చద్దన్నమూ, వాళ్ల ఓడలూ ఒకే పేజీలో నిలబడ్డాయి. శాస్త్రం ఒకటి రాస్తుంది, ఊళ్లో జనం ఒకటి చేస్తారు. ఏదైనా పనిని వద్దని ఒక గ్రంథం గట్టిగా రాసిందంటే ఆ పని అప్పటికే జోరుగా సాగుతోందని అర్థం చేసుకోవడం మంచిది.

పైగా బౌద్ధులకు ఈ అభ్యంతరం లేదు. వర్తకులు, నావికులు బౌద్ధానికి దగ్గరవడానికి ఇదొక కారణమని చాలామంది చరిత్రకారులు చెబుతారు. ఘంటసాలలో, అమరావతిలో స్తూపాలు రేవులకూ నదీ మార్గాలకూ దగ్గరగా ఎందుకు లేచాయో దీన్ని బట్టి ఆలోచించండి.

ప్రశ్న: సొకోత్రా మేం ఎలాగూ వెళ్లలేం. దగ్గర్లో చూడగలిగే ఇలాంటి గుహ ఏదైనా చెప్పండి. పిల్లలకి సెలవులు. (వరంగల్)

హోక్ లాంటిదే అంటే లేదు. బాటసారుల గుహ, పాత రాతలు అంటే మాత్రం నానేఘాట్ చూడండి. పుణె జిల్లా జున్నర్ దగ్గర, సహ్యాద్రి అంచున ఉంది. కింద కొంకణ తీరంలోని కల్యాణ్, సోపారా రేవుల నుంచి సరుకు పైకి, జున్నర్ మీదుగా పైఠాన్ దాకా చేరేది ఈ కనుమ గుండానే. కనుమ పైభాగాన రాతిని తొలిచి చేసిన ఒక గది ఉంది, లోపల మూడు వైపులా కూర్చోడానికి అరుగులు. దారి ఎక్కి వచ్చినవాడు కూలబడటానికి అంతకన్నా మంచి చోటు లేదు.

కానీ ఇక్కడి గోడ మీద ఉన్నది బాటసారి పేరు కాదు. శాతకర్ణి రాణి నాగనిక వేయించిన పెద్ద ప్రాకృత శాసనం ఉంది. చేసిన యజ్ఞాలు, ఇచ్చిన దానాలు, ఎన్ని ఆవులు, ఎన్ని ఏనుగులు, ఎన్ని కార్షాపణాలు (అప్పటి నాణేలు) అని వరసగా లెక్క. మన దేశంలో అంకెలు రాసిన అతి పాత చోట్లలో ఇదొకటి. వెనక గోడకు శాతవాహన కుటుంబం విగ్రహాలు ఉండేవి. సిముకుడు, నాగనిక, శాతకర్ణి అని పైన పేర్లు చెక్కారు. పేర్లు మిగిలాయి, విగ్రహాలు మాత్రం పోయి పాదాల ఆనవాళ్లే ఉన్నాయి. బయట ఒక పెద్ద రాతి తొట్టి ఉంది, సుంకం నాణేలు అందులో వేసేవాళ్లని అక్కడివాళ్లు చెబుతారు. అంటే టోల్ గేటు దగ్గర రాజకుటుంబం ఫ్లెక్సీ కట్టినట్టు. డబ్బు కట్టేటప్పుడు ఎవరికి కడుతున్నావో చూసుకో అని. హోక్‌లో ప్రయాణికుడు మాట్లాడతాడు, నానేఘాట్‌లో ప్రయాణికుడితో రాజ్యం మాట్లాడుతుంది. వీలైతే ఆ తేడా పిల్లలకు చెప్పండి. వానాకాలంలో దారి జారుడుగా ఉంటుంది, శనివారం ఆదివారం ట్రెక్కింగ్ వాళ్ల రద్దీ, పనిదినం చూసుకుని వెళ్లండి.

అంత దూరం వద్దనుకుంటే హైదరాబాద్ పక్కన కీసరగుట్ట. గుడికి అందరూ వెళ్తారు గానీ అక్కడి బండ మీద "తొలుచువాండ్రు" అని చెక్కిన అక్షరాల్ని చూసేవాళ్లు తక్కువ. విష్ణుకుండినుల కాలం నాటిది, 5వ శతాబ్దపుది అంటారు. రాయి తొలిచే పనివాళ్లు తమ గురించి తాము చెక్కుకున్న మాట అది, పైగా తెలుగు. మొదటి ప్రశ్న అడిగిన గుంటూరు పాఠకురాలి బావగారికి కావలసింది ఇదే అనుకుంటా.

ప్రశ్న: అప్పట్లో గోడ మీద పేరు రాస్తే చరిత్ర, ఇప్పుడు మేం రాస్తే కేసా? 2000 ఏళ్లు ఆగితే మాదీ శాసనమే కదా సార్? (విశాఖపట్నం, ఇంజినీరింగ్ విద్యార్థి)

వాదన బాగుంది, కానీ నిలబడదు.

ముందు చట్టం సంగతి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2010లో సవరించి ఇంత పెంచారు. అంతకు ముందు మూడు నెలలూ, ఐదు వేలూ ఉండేది.

ఇక అసలు విషయం. సంఘదాసు రాసింది ఎవరి చిత్రం మీదా, ఎవరి శాసనం మీదా కాదు. ఖాళీ రాయి మీద రాశాడు, అదీ రాయడమే ఆచారమైన చోట. మనం రాసేది ఇంకొకరు అప్పటికే చేసిన పని మీద. అజంతా 10వ గుహలో 1819 ఏప్రిల్ 28న జాన్ స్మిత్ అనే అశ్వికదళ అధికారి బోధిసత్వుడి చిత్రం మీద తన పేరు, తేదీ గీకాడు. పులి వేటకు వచ్చి గుహల్ని మళ్లీ లోకానికి తెలిపినవాడు ఈయనే, చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఎలాగూ ఉంది. అయినా గీకాడు. 200 ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఎవరూ దాన్ని శాసనం అనడం లేదు, ఆ గీతల కింద పోయిన రంగు గురించే బాధపడుతున్నారు.

ఇంకొకటి, పాతకాలం పేరుకు విలువ వచ్చింది మిగతాదంతా పోయింది కాబట్టి. ఆ నావికుడి గురించి మనకు తెలిసిందల్లా ఆ ఒక్క గీత. నీ గురించి ఆధార్‌లో, బ్యాంకులో, కాలేజీ రికార్డుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో కావలసినంత ఉంది తమ్ముడూ. బొర్రా గుహల్లో గుండె బొమ్మ గీసి దాని మధ్యలో రెండు ఇంగ్లీషు అక్షరాలు పెట్టినంత మాత్రాన రేపటి పరిశోధకుడికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. నిజంగా ఏదైనా మిగల్చాలని ఉంటే మీ ఊళ్లో పొలం గట్టున పడి ఉన్న పాత శాసనం రాయి ఎక్కడుందో ఫోటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయి. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటివి బట్టలు ఉతికే బండలుగా, గుడి మెట్లుగా ఇంకా బయటపడుతూనే ఉన్నాయి.

ప్రశ్న: మేం దుబాయ్‌లో ఉంటాం. సొకోత్రాకు టూర్లున్నాయని ప్రకటన చూశాం. వెళ్లొచ్చా?

టూర్లు ఉన్న మాట నిజమే, గుహ దాకా స్థానిక గైడ్లు తీసుకెళ్తారు, కొండెక్కడానికి రెండు గంటల దాకా పట్టొచ్చు. కానీ డబ్బు కట్టే ముందు ఒకటి చూసుకోండి. దీవి ఎంత ప్రశాంతంగా ఉన్నా అది యెమెన్, 2017లో భారత ప్రభుత్వం తన పౌరులు యెమెన్‌కు వెళ్లకుండా ఆంక్షలు పెట్టింది. ప్రత్యేక అనుమతి లేకుండా వెళ్తే పాస్‌పోర్టుకే చిక్కు వస్తుంది. ఏజెంటు "ఏం కాదు సార్" అంటాడు, రేపు పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గర ఆయన మీ పక్కన ఉండడు. ఇప్పటి నిబంధన ఏమిటో విదేశాంగ శాఖ వెబ్‌సైటులోనో, దుబాయ్‌లోని మన కాన్సులేట్‌లోనో కనుక్కుని, అనుమతి చేతికొచ్చాకే టికెట్ సంగతి ఆలోచించండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఎలాగూ వద్దు, గాలి మారలేదు.